స్వేచ్ఛ కోసం న్యూ హాంప్‌షైర్ వెళ్దామంటున్నారు మా ఆయన

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. 2010లో పెళ్లయి హెచ్4 వీసా (హెచ్1బీ మీద పని చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఇక్కడికి వచ్చాను. ఐదేళ్లు ఇంట్లోనే ఉన్నాను. 2015లో కొందరు హెచ్4 వాళ్లకు పని చేసుకునే అనుమతి వచ్చాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. ఇప్పుడు ఒక టీమ్ నడుపుతున్నాను. 2022లో మా ఇద్దరికీ పౌరసత్వం వచ్చింది. అత్తగారు గ్రీన్‌కార్డు మీద వచ్చి రెండేళ్లుగా మాతోనే ఉంటున్నారు. బాబుకు 14, పాపకు 9 ఏళ్లు. కోవిడ్ రోజుల్లో బడులు ఏడాదిపాటు మూసేసినప్పటి నుంచి మా ఆయన మనసు ఈ రాష్ట్రం మీద విరిగిపోయింది. పన్నులు, రూల్స్, బడి, ప్రతిదాని మీదా కోపమే. ప్రభుత్వ జోక్యం తక్కువ కావాలంటూ న్యూ హాంప్‌షైర్‌కు చేరే ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ వాళ్ల వీడియోలు చూస్తుంటారు. నిరుడు జూన్‌లో న్యూ హాంప్‌షైర్‌లో వాళ్లు జరుపుకునే ఉత్సవానికి కూడా వెళ్లొచ్చారు. అప్పటి నుంచి గ్రాఫ్టన్ కౌంటీలో ఐదెకరాల్లో ఉన్న ఇల్లొకటి రోజూ చూపిస్తున్నారు. ఈ ఇల్లు అమ్మేసి అది కొనుక్కుందాం, పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుదాం, నువ్వు ఉద్యోగం మానేసినా మిగిలే పన్నుతో సరిపోతుంది అంటున్నారు. ఇద్దరి జీతాలూ కలిపి 3 లక్షల డాలర్ల దాకా వస్తాయి, అందులో నాది లక్షా 30 వేలు. ఆయన మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. నేను వద్దంటే మాత్రం "నీకు భయం, ఈ బతుక్కి అలవాటు పడిపోయావు" అంటారు. నిజంగానే నాది భయమా? ఆయన కలకు నేను అడ్డు పడుతున్నానా?
(పేరు వద్దు, ఫ్రీమాంట్)

సమాధానం: మీ ఉత్తరంలో నాకు భయం కనపడలేదమ్మా. మీకు లెక్కలు తెలుసు, ఇంట్లో ఎవరికి ఏం కావాలో తెలుసు. మీ మాట ఎవరూ అడగలేదన్న బాధ మాత్రం ప్రతి వాక్యంలోనూ ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. న్యూ హాంప్‌షైర్ వెళ్లాలనుకోవడంలో తప్పు లేదు. ఇల్లు అమ్మి, మీ ఉద్యోగం మాన్పించి, ఐదెకరాల ఇంటికి వెళ్లడం మాత్రం తప్పు. ఈ రెండూ వేరు వేరు విషయాలు. మీ ఇంట్లో అవి ఒక్కటిగా కలిసిపోయాయి కాబట్టే, మీరు ఒకదానికి వద్దంటే రెండోదానికీ వద్దన్నట్టు ఆయనకు వినిపిస్తోంది.

ముందు మీ వారి వైపు నుంచి చూద్దాం. ఆయన మాటల్ని పిచ్చి కింద కొట్టేయకండి. ఆయన వీడియోలు చూసే ఆ ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ ఆలోచన 2001లో మొదలైంది. జేసన్ సోరెన్స్ అనే ఆయన అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలని కోరుకునేవాళ్లు దేశమంతా చెదిరి ఉంటే ఎక్కడా గెలవలేరు, ఒక 20 వేల మంది కలిసి, జనాభా తక్కువున్న రాష్ట్రానికి చేరితే అక్కడి చట్టాలను మార్చగలరు అన్నది ఆయన వాదన. 2003లో సభ్యులు ఓటేసి న్యూ హాంప్‌షైర్‌ను ఎంచుకున్నారు. వయోమింగ్ రెండో స్థానంలో నిలిచింది. 2016 ఫిబ్రవరి నాటికి, అక్కడికి వెళ్తామన్న మాట మీద 20 వేల సంతకాలు పూర్తయ్యాయి. సంతకం పెట్టినవాళ్లందరూ కదల్లేదు. వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పుడు అక్కడి శాసనసభలో కూర్చుంటున్నారు.

ఆ రాష్ట్రాన్నే ఎంచుకోవడానికి కారణముంది. జనాభా 14 లక్షలు. దిగువ సభలో సభ్యులు 400 మంది. ఏడాదికి వాళ్లకు దక్కేది 100 డాలర్లు. జనాభాను ఆ 400తో భాగిస్తే సుమారు 3,500 మందికి ఒక ప్రతినిధి. మన దగ్గర ఒక పంచాయతీలో ఉండేంత జనం! కాలిఫోర్నియా అసెంబ్లీలో 80 మందే ఉంటారు, ఒక్కొక్కరి కింద దాదాపు 5 లక్షల మంది. ఫ్రీమాంట్‌లో మీ వారు బడి మూసివేత గురించి ఎన్ని మెయిళ్లు పెట్టినా ఎవరూ పలకలేదని బాధపడి ఉంటారు. న్యూ హాంప్‌షైర్‌లో అయితే ఆ ప్రతినిధి కిరాణా కొట్టులోనే ఎదురుపడతారు. ఆ తేడా చిన్నది కాదు. మన మాట వినే మనిషి ఒకరున్నారన్న ధైర్యం కోసం మనుషులు చాలా దూరం వెళ్తారు.

ఇంకా ఆయన చెప్పేవాటిలో చాలా నిజాలున్నాయి. అక్కడ జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. సాధారణ అమ్మకం పన్ను లేదు. వడ్డీ, డివిడెండ్ల మీద ఉన్న పన్ను కూడా 2025 నుంచి పోయింది. పెద్దవాళ్లు సీటు బెల్టు పెట్టుకోవాలన్న చట్టం లేని రాష్ట్రం దేశం మొత్తంలో అదొక్కటే (మీరు మాత్రం పెట్టుకోండి). నేరాలు తక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఎప్పుడూ ముందుంటుంది.

ఇక ఆయన లెక్కలో తప్పెక్కడుందో చూద్దాం.

ఇంటి చదువు విషయం మొదట. దాని కోసమే కాలిఫోర్నియా వదలాలని ఆయన అనుకుంటుంటే, వదలక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఇంటినే ప్రైవేటు బడిగా నమోదు చేసుకుని, ఏటా అక్టోబరు 1 నుంచి 15 లోపు ఆన్‌లైన్‌లో ఒక అఫిడవిట్ వేస్తే చాలు. తల్లిదండ్రులకు టీచర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఏడాది చివర పరీక్ష కూడా లేదు. న్యూ హాంప్‌షైర్‌లో మొదలుపెట్టేటప్పుడు ఒకసారి తెలియజేయాలి, ఆపైన ఏటా పిల్లల చదువును మదింపు చేయించి ఆ కాగితం దగ్గర పెట్టుకోవాలి. నియమాల వరకే చూస్తే ఈ ఒక్క విషయంలో కాలిఫోర్నియాయే తేలిక. అక్కడున్న మంచి సంగతి వేరు: ఇంట్లో చదివే పిల్లలు ఊరి ప్రభుత్వ బడిలో కావలసిన క్లాసులకు, ఆటలకు వెళ్లొచ్చు. ఎక్సెటర్ కేంద్రంగా నడిచే వర్చువల్ అకాడమీ కోర్సులు ఆ రాష్ట్రం పిల్లలకు ఉచితం. అది నిజంగా పనికొచ్చేది. కానీ రోజూ పాపను కూర్చోబెట్టి భిన్నాలు చెప్పేది ఎవరు? మీ ఉత్తరం చదివితే ఆ పని మీదేనని ఇప్పటికే తేలిపోయినట్టుంది. మీ వారికి ఇంటి చదువు మీద అంత నమ్మకముంటే, ఈ వేసవి సెలవుల్లో ఆయనే పాపకు చెప్పడం మొదలుపెట్టమనండి. ఆయన నిజంగా ఇష్టపడి చేస్తే మీకూ ధైర్యం వస్తుంది. చేయలేకపోతే ఆ సంగతి ఫ్రీమాంట్‌లో ఉండగానే తెలుస్తుంది.

పన్ను లెక్క. మీరు చెప్పిన ఆదాయానికి కాలిఫోర్నియా రాష్ట్ర ఆదాయపు పన్ను ఏడాదికి సుమారు 20 వేల డాలర్లు అవుతుంది. దాన్ని మిగుల్చుకోవడానికి మీ లక్షా 30 వేల జీతం వదులుకోవాలంటున్నారు. సమాఖ్య పన్ను పోగా మీ చేతికొచ్చేదే తీసుకున్నా ఈ లెక్క ఎక్కడా కుదరదు. పైగా న్యూ హాంప్‌షైర్ తనకు కావలసిన డబ్బులో పెద్ద భాగం ఇంటి పన్నుగా వసూలు చేస్తుంది. ఇంటి పన్ను ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో అదొకటి. 6 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 10 నుంచి 12 వేల దాకా, ఊరిని బట్టి కాస్త అటూ ఇటూగా కట్టాలి. అది ఊరి బడ్జెట్‌ను బట్టి ఏటా మారుతుంది. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపోజిషన్ 13 వల్ల మీ ఇంటి పన్ను విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. ఎన్నేళ్ల కిందట కొన్నారో ఆ ధరే ఇప్పటికీ మీకు రక్ష. ఆ ఇల్లు ఒక్కసారి అమ్మేస్తే ఆ రక్షణ పోయినట్టే. మళ్లీ ఫ్రీమాంట్ రావాలనిపిస్తే ఆరోజు ధరకు కొనాలి, ఆరోజు ధర మీదే పన్ను కట్టాలి.

మీ వారికి కంపెనీ షేర్లు వస్తుంటే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఇక్కడ పని చేస్తుండగా ఇచ్చిన షేర్లు అక్కడికి వెళ్లాక చేతికొచ్చినా, ఇక్కడ పని చేసిన రోజుల మేరకు కాలిఫోర్నియా పన్ను అడుగుతుంది. రెండు రాష్ట్రాల పన్నులూ తెలిసిన సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంటుతో) ఒక గంట కూర్చోండి. ఇద్దరూ కలిసే కూర్చోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ ఐదేళ్లు, 2010 నుంచి 2015 దాకా, నన్ను వదల్లేదు. చదువుకుని, పని చేయగలిగి, చట్టం ఒప్పుకోదు కాబట్టి ఇంట్లో కూర్చున్న తెలుగు ఆడవాళ్లు వేలమంది. సొంత బ్యాంకు ఖాతాలోకి సొంత సంపాదన రాదు. ఒక్క డాలరు ఖర్చుకీ మనసులో లెక్క చెప్పుకోవాలి. భర్త ఎంత మంచివాడైనా ఆ చిన్నతనం పోదు. 2015 మే నెలలో ఆ నియమం మారినప్పుడు మీరు అందుకున్నది ఉద్యోగం ఒక్కటేనా? మీ జీవితంలో ప్రభుత్వం వేసిన అతిపెద్ద సంకెల ఆ రోజు తెగింది. మీ వారు స్వేచ్ఛ గురించి ఇంత ఆలోచించే మనిషి కదా, ఈ సంగతి ఆయనకు ఎవరూ గుర్తు చేయలేదేమో. ప్రభుత్వం మీ చేత మాన్పించిన పనిని పదేళ్ల తర్వాత ఇల్లు మాన్పిస్తే, మీకు మాత్రం తేడా ఏముంటుంది? ఈ ప్రశ్న కోపంగా అడగొద్దు. అడగడం మాత్రం మానొద్దు. రాత్రి పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, ఆ ఐదేళ్లు మీకెలా గడిచాయో మొదటి నుంచి చెప్పండి. ఆయన పూర్తిగా విని ఉండకపోవచ్చు. అప్పట్లో ఆయన కూడా వీసా టెన్షన్‌లోనే ఉండి ఉంటారు.

ఆ రాష్ట్రానికే సంబంధించిన ఒక కథ మీ వారికి తప్పకుండా నచ్చుతుంది. "స్వేచ్ఛగా బతుకు, లేదంటే చావు" అన్నది న్యూ హాంప్‌షైర్ నినాదం. జనరల్ జాన్ స్టార్క్ 1809లో రాసి పంపిన మాట. 1970ల మొదట్లో దాన్ని కార్ల నంబరు ప్లేట్ల మీద వేశారు. జార్జ్ మేనార్డ్ అనే ఆయన యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవారు. ప్రాణం దేవుడిచ్చింది, అలాంటి మాట నా బండి మీద పెట్టుకోను అని ఆ అక్షరాలు కప్పేశారు. జరిమానా వేశారు. కట్టనన్నారు. 15 రోజులు జైల్లో పెట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక మనిషి నమ్మని మాటను అతని చేత రాష్ట్రం మోయించకూడదని 1977లో కోర్టు తీర్పు చెప్పింది. ఆ రాష్ట్రపు స్వేచ్ఛా చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి ఆయనే. స్వేచ్ఛ అనే మాటను కూడా ఎవరి మీదా బలవంతంగా అతికించకూడదని ఆయన నిలబడ్డాడు. మీరు ఇంట్లో "నాకిది సమ్మతం కాదు" అన్నప్పుడు చేస్తున్నదీ అదే పని. దానికి భయమని పేరు పెట్టుకోకండి.

అత్తగారి గురించి మీరు ఎక్కువ రాయలేదు. నాకు ఆవిడ గురించే దిగులుగా ఉంది. ఫ్రీమాంట్‌లో ఆవిడకు పొద్దున నడక ఉంటుంది, తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు పార్కులో కనిపిస్తారు, గుడికి ఎవరో ఒకరు తీసుకెళ్తారు. కారు నడపని మనిషికి ఇవే రెక్కలు. గ్రాఫ్టన్ కౌంటీలో ఐదెకరాల మధ్య ఇంట్లో, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఆవిడ గుమ్మం దాటాలన్నా ఇంకొకరి సాయం కావాలి. పక్కింటి దీపం చెట్ల సందుల్లోంచి కనిపిస్తే గొప్ప. వైద్యం సంగతి కూడా చూడండి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండని పెద్దవాళ్లకు సమాఖ్య డబ్బుతో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) రాదు. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ఆ లోటు పూడుస్తాయి, కాలిఫోర్నియా వాటిలో ఒకటి. ఆవిడ ఇప్పుడు మెడికాల్ (కాలిఫోర్నియాలో మెడికెయిడ్ పేరు) మీద ఉంటే రాష్ట్రం దాటగానే అది ఆగిపోతుంది. కదిలే ముందే అక్కడ ఏ ఇన్సూరెన్స్ దొరుకుతుందో, నెలకు ఎంతవుతుందో కనుక్కోండి. ఇంకో మాట. ఆవిడ పౌరురాలు కాదు కాబట్టి, ఊరివాళ్లే నేరుగా ఓటేసి నిర్ణయాలు తీసుకునే ఊరి సభలకు మీతో వచ్చినప్పుడు ఎవరైనా ఉత్సాహంగా కాగితం చేతిలో పెట్టినా ఓటరుగా నమోదు చేయించకండి. అది గ్రీన్‌కార్డుకే ముప్పు.

ఆయనకు నచ్చిన ఆ ఇల్లు జూన్‌లో చూసిన ఇల్లు. ఆ ఉత్సవం జరిగేది లాంకాస్టర్‌లో, వైట్ మౌంటెన్స్‌కు ఉత్తరాన. ఆ నెలలో అక్కడి పచ్చదనం చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ కొండల్లోనే మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్‌లో గంటకు 231 మైళ్ల గాలి నమోదైంది. మీ ఇంటి దగ్గర అలాంటి గాలి వీయదు. కానీ చెట్లు కూలి కరెంటు పోతుంది. ఊరి బయట ఇళ్లకు నీళ్లు సొంత బోరు నుంచే వస్తాయి, కరెంటు పోతే మోటారు ఆగుతుంది, నీళ్లూ ఆగుతాయి. జనరేటర్ ఉండాలి. ఆ రాష్ట్రపు రాతి బోర్లలో ఆర్సెనిక్ కలిసి ఉండటం బాగా తెలిసిన సమస్య, కొనేముందు నీళ్లు పరీక్ష చేయించాలి. మురుగుకు సెప్టిక్ ట్యాంక్. ఇల్లు వెచ్చగా ఉంచడానికి హీటింగ్ ఆయిల్, ప్రొపేన్ లేదా కట్టెలు. మంచు కరిగే మార్చి, ఏప్రిల్‌లో మట్టిరోడ్లు బురదగుంటలవుతాయి. వీటన్నిటినీ ఇష్టంగా చేసుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లను చూస్తే నాకు గౌరవం. మీ వారు ఆ పనులు ఎప్పుడైనా చేశారా అన్నది మీకే తెలియాలి.

చిన్న ఊరిలో మన మాట చెల్లుతుందన్న మాటకు రెండో వైపు కూడా ఉంది. క్రాయ్డన్ అని 800 మంది ఉండే ఊరు. 2022 మార్చిలో ఊరి సభ జరిగింది. ఫ్రీ స్టేట్ ఉద్యమం వల్ల అక్కడికి వచ్చిన ఒకాయన లేచి బడి బడ్జెట్‌ను 17 లక్షల డాలర్ల నుంచి 8 లక్షలకు తగ్గించాలని తీర్మానం పెట్టారు. మంచు రోజు కావడంతో వచ్చినవాళ్లే తక్కువ. 20 మంది అవునన్నారు, 14 మంది కాదన్నారు. పిల్లల చదువు డబ్బు సగానికి సగం ఎగిరిపోయింది. ఊరంతా మేలుకుంది. ఇంటింటికీ తిరిగారు. మే నెలలో మళ్లీ ప్రత్యేక సభ పెట్టి 377 మంది అవునని, ఇద్దరు మాత్రమే కాదని ఓటేయడంతో పాత బడ్జెట్ తెచ్చుకున్నారు. నాకు ఇందులో ఇద్దరి మీదా గౌరవమే: లేచి తీర్మానం పెట్టిన ఆయన మీద, మళ్లీ కూడి తిప్పికొట్టిన ఊరి మీద. అక్కడి స్వయంపాలన నిజంగా పని చేస్తుంది. పని చేయాలంటే మాత్రం మీరు హాజరు కావాలి, పక్కింటివాళ్లతో ముఖాముఖి విభేదించాలి, మర్నాడు వాళ్లతోనే రోడ్డు మీద మంచు ఎత్తించుకోవాలి. కొత్తగా వచ్చి అన్నీ మార్చేద్దామనుకునేవాళ్ల మీద పాతవాళ్లకు కొంత కోపం కూడా ఉంది. గ్రాఫ్టన్ ఊరిలోనే 2004లో ఇలాంటి ప్రయత్నం మొదలై, పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ మధ్య ఏళ్ల తరబడి తగాదాలు నడిచాయి. ఆ తగాదాల్లోకి అడుగుపెట్టే కొత్త కుటుంబం మీది, అందులోనూ రంగు వల్ల వెంటనే గుర్తుపట్టే కుటుంబం. ఆ రాష్ట్రంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తెల్లవాళ్లు. ప్రమాదమని అనను. మీ బాబు తరగతిలో తనలాంటివాడు ఇంకొకడు ఉండకపోవచ్చు, 14 ఏళ్ల వయసులో అది మోయడం కష్టం అంటున్నాను.

బాబు గురించే ఇంకొకటి. హైస్కూలు మధ్యలో కదిలితే స్నేహాలు పోతాయి, అది మీకు తెలిసిందే. చదువు ఖర్చు కూడా కలిపి చూడండి. రాష్ట్రం బయటి విద్యార్థి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో చేరితే మామూలు ఫీజు మీద ఏడాదికి 30 వేల డాలర్లకు పైగా అదనంగా కట్టాలి. నాలుగేళ్లకు ఎంతవుతుందో వేయండి. న్యూ హాంప్‌షైర్ తన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు చాలా తక్కువ డబ్బు ఇస్తుంది, సొంత రాష్ట్రం పిల్లలకు కూడా అక్కడ ఫీజు ఎక్కువే. పన్ను తక్కువ అన్న మాట వెనక ఇవన్నీ ఉంటాయి.

మరి ఏం చేయాలి?

నాషువా చూడండి. మసాచుసెట్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు, బోస్టన్‌కు 40 మైళ్లు. న్యూ హాంప్‌షైర్ పన్నులు, న్యూ హాంప్‌షైర్ చట్టాలు అన్నీ అక్కడా వర్తిస్తాయి. మీ వారు కోరుకునే చట్టపరమైన స్వేచ్ఛలో ఒక్కటీ తగ్గదు. అదే సమయంలో మన కుటుంబాలు ఉన్నాయి, ఇండియన్ కిరాణా కొట్లు ఉన్నాయి, సిటీ బస్సు ఉంది, గంట ప్రయాణంలో ఆష్‌లాండ్ లక్ష్మీ ఆలయం ఉంది. మసాచుసెట్స్ వెళ్లి పని చేసే రోజులకు మాత్రం ఆ రాష్ట్రం 5 శాతం పన్ను తీసుకుంటుంది, అది ముందే తెలుసుకోండి. ఐదెకరాలు ఆయన కల అయితే, నాషువాలో ఏడాది గడిపాక, ఒక చలికాలం చూశాక, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఫ్రీమాంట్ ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. గత ఐదేళ్లలో రెండేళ్లు మీరు ఉన్న ఇల్లయితే, అమ్మినప్పుడు దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద సమాఖ్య పన్ను మినహాయింపు ఉంటుంది. అంటే మీరు వెళ్లాక మూడేళ్ల లోపు అమ్మినా ఆ మినహాయింపు పోదు. ప్రొపోజిషన్ 13 విలువ కూడా అద్దెకిచ్చినంత మాత్రాన పోదు. అద్దె ఆదాయం మీద కాలిఫోర్నియాకు పన్ను కట్టాలి, కట్టండి. వెనక్కి వచ్చే దారి తెరిచి ఉంచుకోవడానికి అది న్యాయమైన ఖర్చు. మీ వారు మొదట ఒక్కరే వెళ్తానంటే మాత్రం ఒప్పుకోకండి. భార్యాపిల్లలు, ఇల్లు ఇక్కడే ఉంటే ఆయన కాలిఫోర్నియా వదిలినట్టు ఇక్కడి పన్ను శాఖ సులభంగా నమ్మదు, మీకేమో రెండు ఇళ్ల బరువు ఒక్కరి మీద పడుతుంది.

నిర్ణయం తీసుకునే ముందు అందరూ కలిసి మార్చిలో ఒక్కసారి వెళ్లిరండి. మార్చి రెండో మంగళవారం చాలా ఊళ్లలో ఊరి సభలు, ఎన్నికలు జరుగుతాయి. ఒక సభలో వెనక కూర్చుని చూడండి. ఆయన చూసిన ఉత్సవంలో అందరూ ఒకే మాట మీద ఉన్నవాళ్లే. ఊరి సభలో అన్ని రకాల మనుషులూ ఉంటారు. అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ఆవిడ ఆ చలిలో బయటికి ఒక అడుగు వేసి ఏమంటారో మీ వారు స్వయంగా వినాలి. బాబును విడిగా అడగండి. మీ ఇద్దరి ముందు అడిగితే ఎవరికి కోపం రాకుండా ఉంటుందో ఆ జవాబే చెబుతాడు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఈ దంపతుల్లా అనుకోగానే కదల్లేరు. పని చేసే చోటు వేరే నగర ప్రాంతానికి మారితే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలి, ఇంటి నుంచి పని చేసేవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు కోసం చేసిన పెర్మ్ (కంపెనీ కార్మిక శాఖ నుంచి తీసుకునే ధ్రువీకరణ) కూడా చోటును బట్టే ఉంటుంది. ఇక ఆయుధాలు, గంజాయి విషయంలో రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా వీసా మీద ఉన్నవాళ్లకు సమాఖ్య చట్టమే లెక్క, అది 50 రాష్ట్రాల్లోనూ ఒకటే. లాయరును అడగకుండా ఒక్క అడుగూ వేయకండి.

చివరగా మీరడిగిన మాట, ఆయన కలకు అడ్డు పడుతున్నారా అని. లేదు. ఆయన కలలో మీకు చోటు అడుగుతున్నారు. ఆయనతో ఇలా చెప్పి చూడండి: "న్యూ హాంప్‌షైర్‌కు నేను వస్తాను. నా ఉద్యోగం నాతో వస్తుంది. ఇల్లు అమ్మం. మొదటి ఏడాది నాషువాలో అద్దెకుంటాం. పాప చదువు నువ్వు చూసుకుంటే ఇంట్లో, లేదంటే బడిలో." ఇందులో ఆయన కోరుకున్నదానికి మీరు చాలా దూరం వెళ్లారు. ఆయన కూడా మీ వైపు అంత దూరం నడవాలి. దీనికీ ఒప్పుకోకపోతే, గొడవ రాష్ట్రం గురించి కాదని మీకు అర్థమవుతుంది. అప్పుడు మళ్లీ రాయండి, ఆ విషయం వేరేగా మాట్లాడుకుందాం.

ఒప్పుకుంటే ముందు మీ మేనేజర్‌తో మాట్లాడండి. తూర్పు తీరం నుంచి పని చేయడానికి ఒప్పుకుంటారా, జీతం తగ్గిస్తారా, ఎన్నాళ్లకు అనుమతిస్తారు అన్నవన్నీ అడగండి. నోటిమాటగా సరేనంటే సరిపోదు, హెచ్ఆర్ నుంచి మెయిల్ రావాలి. ఆ మెయిల్ మీ చేతికొచ్చాకే నాషువా ఇంటి అద్దె కాగితం మీద సంతకం పెట్టండి.